ఏడో బంటు

జూన్ 9

వదినగారికి,

ఇక్కడ క్షేమం. మీరూ తోడల్లుడుగారూ బాగున్నారని తలుస్తాను.

ముందుగది గోడకి చెమ్మ దిగింది. రంగులు వేసే మనిషి కిటికీ దగ్గరి చిన్నబల్ల జరపమన్నాడు. దాని మీద మీ చెల్లెలి చదరంగం ఉంది. ఆమె పోయిన ఫిబ్రవరి నుంచి గుడ్డ కప్పి ఉంచాను. నిన్న తీశాను. జరిపే ముందు ఏ పావు ఏ గడిలో ఉందో కాగితం మీద గీసుకున్నాను. తర్వాత అలాగే పెట్టాను. రెండుసార్లు సరిచూశాను.

మామూలు చదరంగం నాకు వచ్చు. కాలేజీలో ఆడేవాణ్ని. ఇది మాత్రం అర్థం కాలేదు. కిటికీ వైపు కుర్చీ ఆమెది కాబట్టి తెల్లపావులు ఆమెవి. తెల్లరాజు బల్ల మీద లేడు. పోయిన పావులతో పాటు డబ్బాలో పడుకుని ఉన్నాడు. రాజు పోయాక ఆట ఉండదు. కాని ఈ ఆట ఆగినట్టు లేదు. మీ ఇద్దరూ కార్డుల మీద ఆడుకుంటున్నారని నాకు తెలుసు. ఏం ఆడుతున్నారో ఎప్పుడూ అడగలేదు.

బల్ల సొరుగులో రెండు వస్తువులు దొరికాయి. ఒకటి మీ చేతిరాతతో ఉన్న చిన్న కవరు. అంటించి, అతుకు మీద అడ్డంగా సంతకం చేసి ఉంది. పైన "తెరిస్తే ఆట అయిపోయినట్టే" అని ఉంది. తెరవలేదు.

రెండోది ఆమె మీకు రాసిన కార్డు. జనవరి 30 తేదీ వేసి ఉంది. పోస్టులో వెయ్యలేదు. ఆ తర్వాతి రోజులు ఆస్పత్రిలో గడిచాయి. అందులో ఉన్నది ఒక్క ముక్క: "అక్కా, గుర్రం 4-3." జతచేసి పంపుతున్నాను. ఎత్తు ఆమెది. ఆలస్యం నాది.

ఈ ఆట ఏమిటో వీలున్నప్పుడు తెలియజేయగలరు.

మీ మరిది


జూన్ 18

మరిదిగారికి,

కార్డు మా కళ్లద్దాల కొట్లో ఉండగా అందింది. నా కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని, బల్ల మీదున్న ఎవరిదో కళ్లజోడు పెట్టుకుని చదివాను. అక్షరాలు అలుక్కుపోతే అద్దం నంబరు తేడా అనుకున్నాను. నాదే పెట్టుకుని చూసినా అలాగే ఉన్నాయి. మీ తోడల్లుడు నన్ను లోపలికి పంపి అరగంట సేపు గిరాకీ చూసుకున్నారు. ఆయన కొట్లో అరగంట మేలుకుని ఉండడం ఈ మధ్యకాలంలో ఇదే.

నాలుగు నెలలకి మీకు ఆట మీద ధ్యాస కలిగింది. సంతోషం. చెబుతాను, వినండి.

చిన్నప్పుడు దానికి నేనే చదరంగం నేర్పాను. రాజుని కట్టేసిన ప్రతిసారీ ఏడ్చేది. ఓడినందుకు కాదు, పాపం రాజు ఎటూ పోలేడు కదా అని. ఆ ఏడుపు పడలేక ఒక రోజు అన్నాను: "నీ రాజు అక్కడ లేడే పిచ్చిమొహమా. వేషం మార్చుకుని బంట్లలో కలిసిపోయాడు. ఆ కిరీటం పెట్టుకున్నది ఉత్త బొమ్మ." అంతే, ఏడుపు ఆగింది. ఆ రోజు నుంచి మా ఆట అదే.

ఎనిమిది బంట్లకీ ఎడమనుంచి ఒకటి, రెండు అని అంకెలు. ఆటకి ముందు ఎవరికి వాళ్లు ఒక బంటుని రాజుగా అనుకుని, ఆ అంకె చీటీ మీద రాసి, కవర్లో అంటించి ఎదుటివాళ్లకి ఇచ్చేస్తారు. మీ దగ్గరున్నది నా కవరు. దానిది నా దగ్గర ఉంది, అద్దాల పెట్టెలో. మిగతా ఎత్తులన్నీ మామూలువే. బొమ్మరాజు పోయినా ఏం కాదు. ఎదుటివాళ్ల బంటుని పడగొట్టినప్పుడు, ఇదే రాజు అని నమ్మకం ఉంటే అప్పటికప్పుడు "రాజుని పట్టాను" అని కవరు తెరవాలి. నిజమైతే గెలుపు. తప్పైతే ఓటమి. రెండో అవకాశం లేదు. గడులకి ముందు నిలువు అంకె, తర్వాత అడ్డం, దాని వైపు నుంచి లెక్క.

ఎదురెదురుగా కూచుని ఆడినన్నాళ్లూ అది నా చేతిలో ఓడుతూనే ఉంది. దానికి దాచడం చేతకాదు. అసలు బంటు దగ్గరికి నా చెయ్యి పోతే చాలు, మొహం పాలిపోయేది. పెళ్లయి మీ ఊరు వచ్చాక, చెరో బల్ల, చెరో పావుల జత పెట్టుకుని కార్డుల మీద ఆడదాం అంది. కార్డుకి మొహం ఉండదు కదా.

ఇప్పుడు అసలు మాట. ఆట సగంలో ఉంది. దాని కవరు విప్పాలంటే నాకు చెయ్యి రావడం లేదు. విప్పకుండా దాచుకోనూ లేను. మీరు ఆడతారా? ఏ బంటు రాజో మీకూ తెలీదు, నాకూ తెలీదు. అయినా దానితో ముప్ఫై ఏళ్లు కాపురం చేశారు, ఆ మాత్రం పట్టలేరా?

నా ఎత్తు: మంత్రి 4-6.

మీ తోడల్లుడు అడగమన్నారు, భోజనం వేళకి చేస్తున్నారా అని.

మీ వదిన


జూలై 2

వదినగారికి,

వేళకే చేస్తున్నాను. ఆడతాను.

మూడు రోజులు ఎత్తు వెయ్యకుండా బల్లని చూశాను. ఆఫీసు నుంచి రాగానే కిటికీ కుర్చీలో కూర్చుంటున్నాను. అందులో నేను ఎప్పుడూ కూర్చోలేదు. అక్కడినుంచి వీధి మలుపు, తపాలా డబ్బా కనపడతాయి. కార్డు వేసి వస్తానని వెళ్లి అంత త్వరగా ఎలా వచ్చేదో ఇప్పుడు తెలిసింది.

ఆమెకి ఐదు బంట్లు మిగిలాయి: ఒకటి, నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిది. రెండు, మూడు, ఆరు మీరు పడగొట్టినవి. మిగిలిన ఐదింటిలో ఆమె దేన్ని దాచిందో తెలుసుకోవాలని ఉంది. మా తూనికల శాఖలో అందరం చేసేది అదే. త్రాసు మీద బరువు పెట్టకుండానే, చుట్టూ ఏం పెట్టారో చూసి, దుకాణదారు ఎక్కడ ఏం దాచాడో చెప్పొచ్చు. మనిషి దాచిన దాని వైపు చూడడు. దానికి దగ్గరగా మాత్రం నిలబడతాడు. నాకు ఒక బంటు మీద అనుమానం ఉంది. మీరు ఎదుటిపక్షం కాబట్టి చెప్పను.

ఒక సందేహం. అసలు రాజునే మీరు పడగొట్టి, గుర్తించకుండా ఊరుకుంటే ఏమవుతుంది? మీ నిబంధనల్లో అది లేదు.

మీ కవరు నా దగ్గర భద్రంగా ఉంది. త్రాసులకి ముద్ర వెయ్యడం నా ఉద్యోగం. విప్పడం కాదు.

గుర్రం 5-1.

ఇంకొక విషయం. ఆస్పత్రి ఫైలు సర్దాను. మొదటి పరీక్ష చీటీ తేదీ నవంబరు 22. కిందటేడుది కాదు, అంతకు ముందేడుది. మీకు ఎప్పుడు తెలిసింది?

మీ మరిది


జూలై 11

మరిదిగారికి,

మీ సందేహానికి ముందు జవాబు. అసలు రాజు పడిపోయి, పడగొట్టినవాళ్లు గుర్తించకపోతే వాళ్ల ఖర్మ. పోగొట్టుకున్నవాళ్లు నోరు మెదపకూడదు. ఆట సాగాల్సిందే. చిన్నప్పుడు ఒక్కసారి అలా జరిగింది. నేను గుర్తించలేదు. అది పది నిమిషాలు నోరు బిగపట్టుకుని కూచుని, ఆఖరికి "అక్కా, రాజు ఎప్పుడో పోయాడే" అని భోరుమంది. దాని గుట్టు అంత గట్టిది.

కొట్లో ఈ వారం ఒక లారీ డ్రైవరు వచ్చాడు. లైసెన్సుకి కళ్లు బాగున్నాయని చీటీ కావాలి. అక్షరాల అట్ట ముందు నిలబెడితే గడగడా చదివేశాడు, అడుగున ఉన్న చీమతలకాయంత అక్షరాలతో సహా. నాకు అనుమానం వచ్చి మళ్లీ చదవమని, మధ్యలో అట్ట తీసేశాను. ఇంకా చదువుతూనే ఉన్నాడు. బయట వరసలో నిలబడి ముందువాళ్లు చదువుతుంటే విని కంఠస్థం చేశాడట. మీ తోడల్లుడు నిద్రలోంచి లేచి, "చెవులు మాత్రం బాగున్నాయని చీటీ ఇవ్వు" అన్నారు.

మీ గుర్రం వెనక్కి వచ్చింది. ముందుకెళ్లాల్సిన గుర్రం ఇంటికొచ్చిందంటే ఇంట్లో ఏదో ఉందన్నమాట. చూస్తున్నాను.

నా ఎత్తు: ఏనుగు 7-8.

నాకు ఎప్పుడు తెలిసిందని అడిగారు. ఆ సంగతి మీకు తెలీదా? ఆ మాట ఉత్తరాల్లో వద్దు మరిదిగారూ. అయిపోయినదాన్ని ఇప్పుడు తవ్వుకుంటే ఇద్దరికీ మంచిది కాదు.

మీ వదిన


జూలై 20

వదినగారికి,

ఉత్తరం అందింది.

నాకు కిందటేడు జూలైలో తెలిసింది. ఆమె అప్పుడే చెప్పింది. అప్పటికే చెయ్యగలిగింది ఏమీ లేదని డాక్టరు అన్నారు. మీకు అంతకుముందే తెలుసని మీ జవాబును బట్టి అర్థమైంది. నవంబరు నుంచి జూలై దాకా ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో ఆమె మీకు రాసిన కార్డులు ఉంటాయి. వీలైతే పంపండి. చదివి తిరిగి పంపేస్తాను.

బంటు 8-4.

మీ మరిది


జూలై 29

మరిదిగారికి,

కార్డులు పంపను. అవి అక్కాచెల్లెళ్ల మాటలు. అందులో మీరు చదవకూడనివి ఉన్నాయి.

నా ఎత్తు: శకటు 3-5.

మీ వదిన


ఆగస్టు 6

వదినగారికి,

ఏనుగు 7-1.

మీ మరిది


ఆగస్టు 15

మరిదిగారికి,

మీ ఉత్తరం కవరులోంచి కింద పడితే మందుల చీటీ అనుకుని మీ తోడల్లుడు లోపల పెట్టబోయారు. ఏనుగు 7-1. మీ మరిది. ఆ "మీ మరిది" కూడా అలవాటు కొద్దీ రాసి ఉంటారు.

జూలై ఇరవైన మీరు రాసింది మూడు వారాలుగా లోపల తిరుగుతోంది. మొదట కోపంలో చదివాను. నిన్న మళ్లీ చదివాను. నాకు ముందే తెలుసని రాశారు. నాకా?

వినండి. ఫిబ్రవరిలో నేను మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ ఫైలు చూశాను. మీరు ఎవరితోనో మాట్లాడుతున్నారు, నేను అలమారులో దుప్పట్లు సర్దుతున్నాను. మొదటి చీటీ మీద నవంబరు తేదీ ఉంది. మీరు నాకు ఫోన్ చేసి చెప్పింది జూలైలో. అంటే ఎనిమిది నెలలు మీ ఇద్దరూ కలిసి నా దగ్గర దాచారనుకున్నాను. తోడబుట్టినదాన్ని, నాకు చెప్పడానికి మీకు మనసు రాలేదనుకున్నాను. ఆ రోజు మీతో సరిగ్గా మాట్లాడకుండా బండెక్కింది అందుకే. "మీకు ఎప్పుడు తెలిసింది" అని మీరు రాస్తే, పుండు మీద కారం చల్లుతున్నారనుకున్నాను. మీరు నాలుగు మాటలు ఎక్కువ రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఉత్తరాన్ని కూడా తూచి రాస్తే ఎలా?

కార్డుల్లో జబ్బు గురించి ఒక్క ముక్క లేదు. నా కళ్ల మీద ఒట్టు, కళ్లద్దాల కొట్టువాళ్లకి అంతకన్నా పెద్ద ఒట్టు లేదు. పంపనన్నది వేరే కారణానికి. అందులో అంతా మీరే. అది మీకు పెట్టిన పేరు మీకు తెలుసా? తూకంరాయి. "తూకంరాయికి జలుబు." "తూకంరాయి ఇవాళ రెండుసార్లు నవ్వింది, తేదీ రాసి పెట్టుకో." ఇవి మీ చేతికి ఎలా ఇవ్వను?

కాబట్టి అది నాకూ చెప్పలేదు, మీకూ చెప్పలేదు. చీమ కుడితే ఇల్లంతా లేపే మనిషి. నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

నా ఎత్తు: గుర్రం 6-6. మీ మీద కోపంతో ఆలోచించకుండా వేశాను. అయినా వెనక్కి తీసుకోను, ఎత్తు ఎత్తే.

మీ వదిన


ఆగస్టు 25

వదినగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

నేను అడిగిన తీరు తప్పు. ఫైలు మీకు కనపడేలా పెట్టడం కూడా. ఫిబ్రవరిలో మీరు సరిగ్గా మాట్లాడకుండా వెళ్లిపోతే, నేను ఆమెని సరిగ్గా చూసుకోలేదని మీరు అనుకుంటున్నారనుకున్నాను. ఆరు నెలలు అదే అనుకున్నాను. నేనూ అదే అనుకుంటున్నాను కాబట్టి అడగలేదు.

తూకంరాయి అని నాకు తెలియదు. ఇంట్లో ఆమె నన్ను ఏ పేరుతోనూ పిలిచేది కాదు. "ఇదుగో" అనేది. ఇన్నాళ్లకి ఒక పేరు దొరికింది. పరవాలేదు, ఉండనివ్వండి.

ఆ ఎనిమిది నెలలు ఎలా గడిచాయో గుర్తు చేసుకుంటున్నాను. ఏమీ తేడా కనపడడం లేదు. ఉదయం నా డబ్బా కట్టేది. సాయంత్రం ఎవరి త్రాసు పట్టుకున్నానో అడిగేది. ఒక పండ్ల వ్యాపారి పళ్లెం అడుగున మైనం అంటించాడని చెబితే చాలాసేపు నవ్వింది. రెండు గ్రాముల మైనాన్ని కంటితో పట్టేవాణ్ని. ఇంట్లో ఉన్నదాన్ని పట్టలేదు.

ఆట సంగతి. ఆమె ఏ బంటుని దాచిందో నాకు ఇప్పుడు దాదాపు తెలుసు. మొదటి నుంచి కదపలేదు. శకటుని దాని పక్కనే ఉంచింది. ఏనుగు మూలనుంచి బయటికి వచ్చినా మళ్లీ అటే తిరిగింది. ఆఖరి ఎత్తులో గుర్రాన్ని కూడా అటే తిప్పింది. ఆస్పత్రికి వెళ్లే ముందు మంచం మీంచి లేచి వచ్చి రాసిన ఎత్తు అది. చేతిరాత వంకరగా ఉంది. అంత ఓపిక చేసుకుని కాపాడిన బంటుని నేను పోనివ్వను. ఈ ఆట ఓడిపోవడం నాకు ఇష్టం లేదు. ఇంత పట్టుదల నాకు దేని మీదా ఉన్నట్టు గుర్తు లేదు.

శకటు 6-1.

తోడల్లుడుగారికి నమస్కారాలు. కొత్త కళ్లజోడు ఒకటి కావాలి. దగ్గరివి సరిగ్గా కనపడడం లేదు.

మీ మరిది


సెప్టెంబరు 6

మరిదిగారికి,

కళ్లజోడుకి నంబరు తెలీకుండా చెయ్యలేను. మీరే రావాలి. వచ్చినప్పుడు అట్ట కంఠస్థం చేసి రాకండి.

ఇక కూచుని చదవండి. ఆట అయిపోయింది.

మీరు తప్పు పట్టకపోతే ఒక మాట. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. మీరు ఏడో బంటు చుట్టూ గుర్రాన్ని తెచ్చారు, ఏనుగుని తెచ్చారు, మొన్న శకటుని కూడా తెచ్చారు. ముందు అది వేసిన ఎత్తుల్ని బట్టి నాకూ ఏడు మీదే చిన్న అనుమానం ఉండేది. మీరు వచ్చాక అనుమానం పోయి నమ్మకం కుదిరింది. మరిదిగారు ముప్ఫై ఏళ్లు పక్కనుండి చూసిన మనిషి, ఊరికే అంత కాపలా పెడతారా అనుకున్నాను.

ఒక సంగతి ఒప్పుకుంటాను. ఇంకో ఏడాది ఆడుతూ కూచోవచ్చు. కాని రోజూ కొట్టు తెరవగానే అద్దాల పెట్టెలో దాని కవరు చూడడం నావల్ల కావడం లేదు. మీ తోడల్లుడు అన్నారు, "అది రాసిన ఆఖరి అంకె. చూసెయ్యి. చూశాక ఏడువు. చూడకుండా ఏడిస్తే రెండుసార్లు ఏడవాలి" అని.

నా ఏనుగు 7-2. మీ ఏడో బంటుని పడగొట్టాను. ఏనుగు మీకు బలి అవుతుంది, పోనీ. రాజుని పట్టాను అన్నాను, పైకే అన్నాను, కొట్లో ఇద్దరు గిరాకీలు తలెత్తి చూశారు. కవరు తీసి మీ తోడల్లుడి చేతికిచ్చాను. ఆయన ఫ్రేము స్క్రూలు తిప్పే సన్న పనిముట్టుతో అంచు లేపారు. సంతకం చెక్కుచెదరలేదు.

లోపల చీటీ మీద "3" అని ఉంది.

మూడు. నేను మళ్లీ మళ్లీ చూశాను. భూతద్దం పెట్టి చూశాను. మూడే.

మూడో బంటు ఎక్కడుంది మరిదిగారూ? నా దగ్గర ఉంది. మీరే రాశారు మొదట్లో, రెండు, మూడు, ఆరు నేను పడగొట్టినవని. పోయిన పావులు వేసే పాత కళ్లజోడు పెట్టెలో ఉంది. కిందటేడుకి ముందేడు డిసెంబరు ఒకటిన నా ఏనుగుతో దాన్ని పడగొట్టాను. రాజనుకోలేదు. అనామకుడిలా మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంటే తీసి పెట్టెలో పడేశాను. నేను పట్టిన రాజు ఏడాది మీద తొమ్మిది నెలలుగా నా పక్కనే ఉన్నాడు.

వెంటనే దాని జవాబు కార్డు వెతికాను. డిసెంబరు 6. "నీ ఏనుగు బాగానే మేసిందే. కడుపు నిండిందా? నాకింకా ఆరు బంట్లున్నాయి, మిడిసిపడకు. గుర్రం 2-4." అంతే. అక్షరం వంకర లేదు, కొట్టివేత లేదు. చిన్నప్పుడు పది నిమిషాలు ఆగలేని పిల్ల. ఆ తర్వాత ఏడాదికి పైగా, రాజు లేని ఆటని, ఉన్నట్టే ఆడింది. ఏడో బంటుకి కాపలా కూడా పెట్టింది, నేను అటే చూడాలని. నేను చూశాను. మీరూ చూశారు.

దానికి దాచడం చేతకాదని మీకు రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంకొకటి ఇప్పుడే తట్టింది. రాజు అలా చడీచప్పుడు లేకుండా పోయాక దాన్ని ఓడించే దారి నాకు లేదు. ఏ బంటుని పట్టి కవరు విప్పినా తప్పే అవుతుంది. పట్టడానికి రాజు లేడు కదా. నేను గెలవలేని ఆటని ఇన్నాళ్లూ ఆడాను. మా ఆటలో ఇలాంటి కిటుకు ఉందని నలభై ఏళ్లలో నాకు తోచలేదు.

తప్పు చెప్పాను కాబట్టి నేను ఓడాను. అది గెలిచింది.

కార్డులన్నీ కట్టకట్టి పంపుతున్నాను. తూకంరాయి గురించి చదివి నొచ్చుకోకండి. తిరిగి పంపక్కర్లేదు.

మీ వదిన


సెప్టెంబరు 24

వదినగారికి,

కట్ట అందింది. అరవై ఒక్క కార్డులు. నొచ్చుకోలేదు. తూకంరాయి అన్న మాట నలభై మూడు చోట్ల ఉంది.

ఆట మొదటి నుంచి మళ్లీ పెట్టాను. ఆమె ఎత్తులు ఆమె కార్డుల్లో ఉన్నాయి. మీ ఎత్తులు మీ కార్డుల్లో, బల్ల కింది అరలో దొరికాయి. రోజుకి ఐదారు ఎత్తుల చొప్పున వేశాను. నవంబరు 26 నాటికి వచ్చేసరికి ఆగాను. అది మీరు మూడో బంటుని పడగొట్టక ముందు ఆమె వేసిన ఎత్తు. చీటీ తేదీకి నాలుగు రోజుల తర్వాత.

మూడో బంటు 3-4లో ఉంది. మీ ఏనుగు దాని మీద కన్నేసి ఉంది. ఆమె శకటు 3-2లో ఉంది. దాన్ని 4-3కి ఒక్క గడి జరిపితే చాలు. అప్పుడు మీరు బంటుని తీస్తే ఏనుగు పోతుంది కాబట్టి ముట్టేవారు కాదు. ఇది నాకే కనపడింది. ఆమెకి కనపడకుండా ఉండదు. ఆమె శకటుని కదపలేదు. మూల బంటుని ఒక గడి ముందుకు జరిపింది.

ఆ రోజు కార్డు మొత్తం ఇది. మీరు చదివినదే. నా కోసం మళ్లీ రాసుకుంటున్నాను.

"అక్కా, ఇవాళ ఆదివారం. తూకంరాయి ఎదురుగా కూచుని ఇత్తడి రాళ్లు మెత్తగుడ్డతో తుడుచుకుంటోంది. నేను గంట నుంచి బల్ల ముందున్నాను. ఏమిటంత ఆలోచన అని అడిగింది. ఎత్తు దొరకడం లేదన్నాను. నిదానంగా చూడు, తొందరేం లేదు అంది. తల కూడా ఎత్తలేదు. అయినా ఆ మాట బాగుంది. బంటు 8-3."

ఆ మాట అన్నట్టు నాకు గుర్తు లేదు. కార్డు మీద ఉంది కాబట్టి అని ఉంటాను.

చూసి వదిలేసిందా, ఆ రోజు మనసు మనసులో లేక చూడలేదా, తెలియదు. రెండూ పెట్టి చూశాను. ముల్లు ఎటూ మొగ్గలేదు. వదిలేసి ఉంటే ఎందుకు వదిలేసిందో కూడా తెలియదు. మీరు గెలవలేని ఆట కావాలనుకుందని మీ ఉత్తరం చదివాక నాకు తోచింది. తేలని ఆట కావాలనుకుందని నిన్న తోచింది. రేపు ఇంకేమైనా తోచవచ్చు. అడిగి తెలుసుకునే దారి లేదు కాబట్టి చూస్తూ ఉంటాను. ఆమె గురించి నాకు తెలియనిది ఇంకా ఉందని తెలిసి కొంచెం బాగుంది. అంతా అయిపోయిందనుకున్నాను.

మీ కవరు తిప్పి పంపుతున్నాను. ఆట ఆమె గెలిచింది. అది విప్పే అవసరం ఆమెకి రాలేదు. నాకూ లేదు. మీరు ఏ అంకె రాశారో చెప్పకండి.

రంగులు ఆరిపోయాయి. బల్ల మళ్లీ కిటికీ దగ్గర పెట్టాను. పావులు మొదటి వరసల్లో ఉన్నాయి, బొమ్మరాజు కూడా. మూడో బంటు మీ దగ్గర ఉంది. దాన్ని మీరే ఉంచుకోండి. ఇక్కడిది డబ్బాలోనే ఉంచి, దాని గడిలో ఒక చిన్న తూకపు రాయి పెట్టాను. ఐదు గ్రాములది. ఎత్తు సరిపోయింది.

ఇంకొక కవరు కూడా జతచేశాను. అందులో కొత్త ఆటకి నా అంకె ఉంది. అతుకు మీద లక్క కరిగించి మా శాఖ ముద్ర కాదు, ఆమె కుట్టుపెట్టెలోని బొత్తాం నొక్కాను. నాకు దాచడం అలవాటు లేదు. మీరు త్వరలోనే పట్టేస్తారు. వచ్చే నెల కళ్లజోడుకి వస్తాను. అప్పుడు నా మొహం చూసి కనుక్కోవడానికి ప్రయత్నించకూడదు. అది నిబంధన.

బంటు 5-4.

మీ ఎత్తు. నిదానంగా చూడండి. తొందరేం లేదు.

మీ మరిది,
తూకంరాయి